క్లాజెట్‌లో నాన్న, నోరు కట్టిన టీవీ

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఇంటర్వెల్ లేని ఈ దేశపు సినిమా హాళ్ళలో నాకు నేనే రెండు ఇంటర్వెల్స్ ఇచ్చుకుంటాను. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే, కూర్చుని తినడం కంటే వాళ్ళ వంటింట్లో నిలబడి గిన్నెలు సర్దడం నాకు హాయి. నా అరికాళ్ళలో చక్రాలున్నాయని మా ఆయన అంటాడు. కాలు కాలిన పిల్లి అని మా అమ్మ అంటుంది. ఆ కాలు ఎక్కడ కాలిందో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసని మొన్నటిదాకా అనుకుంటూ వచ్చాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. టెక్సాస్‌లో మా ప్లేనోలో ఎండ మండిపోతోంది, కారు దాకా నడిచే ధైర్యం కూడా ఎవరికీ లేదు. నాన్న రిక్లైనర్‌లో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. అమ్మ సోఫా చివర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మధ్యలో మా అమ్మాయి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని టీవీకి ఎదురుగా బాసింపట్టు వేసుకుంది. హైస్కూల్లో ఏదో మీడియా క్లాసు తీసుకుంది. పాత అమెరికన్ కామెడీ సీరియల్స్ పది చూసి, ఇవాళ్టికీ నిలబడేవి ఏవో, కాలం చెల్లినవి ఏవో తేల్చి మార్కులు వేయాలట. ఆవిడగారు జడ్జి, మేము జ్యూరీ.

"అమ్మమ్మా, ఇది ఫన్నీయా? టెన్‌కి ఎన్ని ఇస్తావ్?"

అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "ముందు ఆ సౌండు తీసెయ్యి. అప్పుడు చెప్తాను."

"సౌండ్ లేకుండా కామెడీ ఎలా చూస్తావ్? జోక్స్ ఎలా తెలుస్తాయ్?"

"నవ్వొచ్చేదైతే సౌండు లేకపోయినా వస్తుందే. రానిది నెత్తిన మైకు పెట్టి చెప్పినా రాదు."

మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను లేచి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళాను. ఏమీ లేని స్టవ్‌ని తుడిచాను. "అమ్మా, యూ ఆర్ నాట్ ఈవెన్ వాచింగ్! ఒక్క ఎపిసోడ్ కూర్చుని చూడలేవా?" అని హాల్లోంచి కేక వినపడింది.

చూడలేను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఒక సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. రెండేళ్ళలో అది మా మూడో ఇల్లు. ఒకే రకం ఇటుకల బిల్డింగులు వరసగా ఉండేవి, రాత్రిపూట తిరిగొస్తే మాదేదో గుర్తుపట్టడానికి గుమ్మం ముందు చెప్పులు చూసుకోవాల్సి వచ్చేది. సాయంత్రం ఐదయ్యేసరికి కారిడార్ ఒక చివర ఇంగువ తాలింపు, ఇంకో చివర మాడిన పాప్‌కార్న్ వాసన. మధ్యలో కార్పెట్ షాంపూ వాసన. ఆ మూడూ కలిసిన గాలి ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాకు స్కూల్ బ్యాగు భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

మా టీవీ కింద చెత్త పారేసే డంప్‌స్టర్ పక్కన దొరికింది. కింది ఫ్లాట్ అంకుల్, నాన్న కలిసి దాన్ని మూడో అంతస్తుకు మోశారు. మెట్టు మెట్టుకీ ఆగి, "పారేసినవాడు బుద్ధిమంతుడండీ" అని అంకుల్ రొప్పుతూ అనడం నాకు గుర్తు. దానికి రిమోట్ లేదు. కింద బటన్లు లోపలికి దిగిపోయి ఉండేవి, చెంచా కాడతో పొడిస్తే గానీ పలికేవి కావు. యాంటెనాకి అమ్మ అల్యూమినియం కాగితం చుట్టి, పక్కింటావిడ జుట్టు ముడి లాగుందని తనే నవ్వేది. మూడు ఛానెళ్ళు వచ్చేవి. అందులో ఒకటి మధ్యాహ్నం నుంచీ పాత కామెడీలే వేసేది.

ఒకరోజు నాన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చేతిలో అట్టపెట్టె ఉంది, అందులో కాఫీ కప్పు, మా ఫోటో, చిన్న వినాయకుడు. "ప్రాజెక్ట్ అయిపోయింది" అన్నాడు. మా స్కూల్లో ప్రాజెక్ట్ అయిపోతే స్టిక్కర్ ఇచ్చి చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనూ కొట్టాను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.

ఆ తర్వాత మా ఇల్లు మా ఇల్లు కాదు. కొత్త కంపెనీ ఎవరైనా తీసుకుని వీసా కాగితాలు పెడితే ఉంటాం, లేకపోతే పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోతాం. ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది ఒక్కొక్కళ్ళు ఒక్కొక్క రకంగా చెప్పేవాళ్ళు. కింది అంకుల్ కూడా బెంచ్ మీదే, అంటే పనీ జీతమూ లేకుండా కబురు కోసం ఎదురుచూడటమే. ఆయన రోజూ పైకొచ్చి మజ్జిగ తాగి, "మార్కెట్ బాగా డౌన్‌లో ఉందండీ, అయినా మనకేం పర్లేదు" అనేవాడు. ఆయన వెళ్ళాక నాన్న హాల్లో గోడకీ గోడకీ మధ్య తిరిగేవాడు. కార్పెట్ మీద ఆ దారి తెల్లగా పడిపోయింది. సూట్‌కేసులు రెండూ హాల్లో నోళ్ళు తెరుచుకుని ఉండేవి. అమ్మ పొద్దున ఆశ చచ్చి బట్టలు సర్దేది, సాయంత్రం ఎవరో ఫోన్ చేశారంటే తీసి మళ్ళీ అల్మారాలో పెట్టేది. నా స్వెట్టర్లు ఆ నెలలో ఎన్ని ప్రయాణాలు చేశాయో.

నాకు వెళ్ళాలని లేదు. ఆ స్కూల్లోనే మొదటిసారి లంచ్‌లో నా పక్కన కావాలని కూర్చునే పిల్ల ఒకతి దొరికింది. నా పులిహోర తను తినేది, తన చీజ్ ముక్కలు నేను తినేదాన్ని. పెద్దవాళ్ళకి వీసా ఎంతో, నాకు ఆ కుర్చీ అంత.

ఇంటర్వ్యూలన్నీ ఫోన్లోనే. బెడ్‌రూమ్ గోడ అవతల పసిపిల్ల ఏడుపు, కిటికీ అవతల చెత్త లారీ. అందుకని నాన్న హాల్లోని కోట్ల క్లాజెట్‌ని, అంటే గోడలో మనిషి పట్టేంత అరని, ఆఫీస్ చేసుకున్నాడు. కోట్ల మధ్య కూర్చుంటే గొంతు మెత్తగా, గంభీరంగా వినపడుతుందని ఆయన నమ్మకం. కానీ ఆ క్లాజెట్ అప్పటికే అమ్మ సామాను గది. బియ్యం బస్తా, ఎండుమిరపకాయల సంచి, అమ్మమ్మ పంపిన ఆవకాయ జాడీ అందులోనే ఉండేవి. నాన్న కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని బియ్యం బస్తా మీద కూర్చునేవాడు. ఫోన్లో మాట్లాడేదే అయినా ఇస్త్రీ చొక్కా, బెల్టు, పాలిష్ చేసిన బూట్లు వేసుకునేవాడు. "కాళ్ళకి బూట్లుంటేనే నోట్లో ఇంగ్లీషు నిలబడుతుంది" అనేవాడు. తలుపు సన్నటి చెక్క రెక్కలు పేర్చిన తలుపు, సందులుండేవి. మిరపకాయల ఘాటుకి తుమ్ము వస్తే, కోటు చేతిలో ముఖం దూర్చి తుమ్మేవాడు. ఆ తుమ్ము మాకు మాత్రం వినపడేది.

ఇంటర్వ్యూ అయ్యేదాకా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికి అమ్మకి దొరికిన ఉపాయం ఆ టీవీ. చెంచాతో పొడిచి సౌండు మొత్తం తగ్గించేసేది. దాన్ని మ్యూట్ అంటారని అప్పుడు మాకు తెలీదు, అమ్మ దాన్ని టీవీకి నోరు కట్టడం అనేది. తెర మీద బొమ్మలు వాటి గోల అవి పడుతుంటే, మేమిద్దరం నేల మీద, క్లాజెట్‌కి వీపు పెట్టి కూర్చుని చూసేవాళ్ళం. అమ్మ పెదవులు నా చెవికి ఆనించి గుసగుసగా మాటలు అందించేది. "ఇదిగో ఈవిడ ఆయన్ని అడుగుతోంది, పాలు తెచ్చారా అని. ఆయన మర్చిపోయాడు. చూడు చూడు, ముఖం చూడు." అసలు వాళ్ళేం అంటున్నారో ఎవరికెరుక. అమ్మ కథే నాకు అసలు కథ.

అలా చూస్తూ చూస్తూ అమ్మకి ఒక తీర్పు ఏర్పడింది. నోరు కట్టినా నవ్వించేది మంచిది, నోరు కట్టగానే చచ్చేది చచ్చుది. ఒకదాంట్లో అందరూ సోఫాలో కూర్చుని ఒకరి మీద ఒకరు మాటలు విసురుకునేవాళ్ళు. సౌండు లేకపోతే అది వాళ్ళు పంటి నొప్పితో కూర్చున్నట్టు ఉండేది. అమ్మ దానికి సున్నా వేసింది. ఇంకొకటి నలుపూ తెలుపూ కాలంనాటిది. అందులో ఇల్లాలు ప్రతిరోజూ ఏదో దాచాలని చూసేది, అది ప్రతిరోజూ బయటపడేది. దానికి అమ్మ నూటికి నూరు వేసింది.

నాకు మాత్రం నవ్వు కంటే సోఫా ముఖ్యం. ఆ సీరియల్స్‌లో సోఫా కదలదు. నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే, పదేళ్ళ తర్వాతి ఎపిసోడ్‌లోనూ అక్కడే. మెట్లు అక్కడే, వంటింటి తలుపు అక్కడే. ఎంత పెద్ద గొడవైనా అరగంటలో సర్దుకుంటుంది. ఎవరికీ వీసా అక్కర్లేదు. ఎవరూ పెట్టెలు సర్దరు, ఒకవేళ సర్దినా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తారు. పక్కింటివాడు తలుపు తట్టకుండా లోపలికొచ్చి ఫ్రిజ్ తెరుస్తాడు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మా అమ్మాయి పుస్తకంలో ఇవాళ వీటి గురించి చాలా కారణాలు రాసుకుంది, పాత్రలు, టైమింగ్, కాలానికి నిలిచే జోకులు అని. నన్నడిగితే ఒక్కటే కారణం. ఇల్లు ఉన్నచోట ఉంటుందన్న భరోసా కోసమే ఇంతమంది ఇన్నేళ్ళుగా వాటిని మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు.

నవ్వొస్తే మాత్రం పెద్ద చిక్కు. నవ్వు బయటికి రాకూడదు. నేను దిండు కొరికేదాన్ని. అమ్మ చెంగు కుక్కుకునేది. ఒకసారి నవ్వు ఆపలేక పాక్కుంటూ బాత్రూమ్‌లోకి వెళ్ళి, షవర్ తిప్పి, నీళ్ళ చప్పుడులో నవ్వుకుని తిరిగొచ్చాను. అమ్మ కూడా వెళ్తుందేమోనని చూశాను. వెళ్ళింది.

ఆఖరి ఇంటర్వ్యూ ఒక గురువారం. ఇది వచ్చేస్తుందని కింది అంకుల్ కూడా అన్నాడు. పొద్దున అమ్మ పాన్‌కేక్ పిండితో గులాబ్ జామూన్ చేసి, కబురు తెలిశాక తినాలని గిన్నె మీద పళ్ళెం బోర్లించింది. నేను స్కూల్ నుంచి వచ్చి, ఎవరూ చూడకుండా ఒకటి మింగేసి మూతి కడుక్కున్నాను. నాన్న బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు. అమ్మ ఆయన నుదుట విభూతి పెట్టింది, ఫోన్లో కనపడుతుందన్నట్టే. ఆయన క్లాజెట్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఫోన్ మోగింది. "హలో, యెస్, స్పీకింగ్" అన్న గొంతు వినపడింది. కాసేపు సన్నటి మాటలు, తర్వాత నిశ్శబ్దం. లోపల నిశ్శబ్దంగా ఉంటే అవతలివాడు పెద్ద ప్రశ్న అడుగుతున్నాడని అమ్మ చెప్పేది. "చాలా పెద్ద ప్రశ్నే" అని నా చెవిలో అంది.

తెర మీద ఆ నలుపూ తెలుపూ సీరియల్. మొగుడు ఆఫీసుకి ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లో ఉన్నాడు. తలుపు తెరిస్తే పై అధికారి పళ్ళబుట్టతో పరామర్శకి వచ్చాడు. మొగుడు పరుగెత్తి ఎక్కడ దాక్కున్నాడు? కోట్ల క్లాజెట్‌లో. అమ్మ భుజం నా భుజానికి తగిలి వణకడం మొదలైంది. అధికారి తన కోటు విప్పి, తగిలించడానికి నేరుగా క్లాజెట్ దగ్గరికే వెళ్ళి, ఇల్లాలి వైపు తిరిగి మాట్లాడుతూ తలుపు తెరిచాడు. లోపల ఆ మొగుడు చెయ్యి చాపి కొయ్యలాగా బిగుసుకుని నిలబడి ఉన్నాడు. అధికారి చూడకుండానే ఆ చేతికి కోటు తగిలించి, తలకి టోపీ పెట్టి, తలుపు మూసేశాడు.

అమ్మ నా చెవి దగ్గరికి వంగి ఒక్క మాటే అంది. "మీ నాన్నే!"

ఇక ఆగలేదు. అమ్మ నోట్లోంచి నవ్వు పిడుగులా పడింది. అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. పెళ్ళికి ముందు ఇలా నవ్వేదేమో. నేనూ గొల్లున నవ్వాను. రెండు మూడు క్షణాలంతే. అమ్మకి గుర్తొచ్చింది. ఒక చెయ్యి తన నోటి మీద, ఒక చెయ్యి నా నోటి మీద వేసి నొక్కింది. నేను కూడా అమ్మ నోటి మీద చెయ్యి వేశాను. అలాగే కూర్చున్నాం. క్లాజెట్‌లో ఉలుకూ పలుకూ లేదు. తెర మీద ఇంకా ఏవేవో జరిగాయి, అవేవీ నాకు కనపడలేదు.

సీరియల్ అయిపోయాక నాన్న బయటికొచ్చాడు. ఎప్పుడూ బూట్లతోనే నడిచొచ్చి సోఫాలో కూర్చున్నాకే విప్పేవాడు. ఆ రోజు బూట్లు చేతిలో పట్టుకుని, మేజోళ్ళతో వచ్చాడు. "ఏమన్నారండీ?" అంది అమ్మ. "చూద్దాం" అన్నాడు. మా నవ్వు ఊసే ఎత్తలేదు. రెండు రోజులకి "రాలేదు" అన్నాడు. మిగిలిన జామూన్లు ఎవరూ తినలేదు.

రాలేదన్న రోజు సాయంత్రం అమ్మ టీవీ ప్లగ్ పీకేసి, దాని మీద తువ్వాలు కప్పింది. నన్ను బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి తలుపేసి చెప్పింది. "ఆ నవ్వు సంగతి నాన్న దగ్గర ఎత్తకు. పాపం, మనల్ని ఒక్క మాట కూడా అనలేదు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదే పెద్దవాళ్ళు."

నెల తిరక్కుండా వెళ్ళిపోయాం. టీవీని మళ్ళీ డంప్‌స్టర్ పక్కకే చేర్చారు నాన్న, అంకుల్. లంచ్ కుర్చీలోని పిల్లకి నేను చెప్పకుండానే వెళ్ళిపోయాను, చెప్తే ఎందుకని అడుగుతుందని. విజయవాడలో రెండేళ్ళు ఒక స్కూలు, మళ్ళీ నాన్నకి టెక్సాస్‌లో ఉద్యోగం, మళ్ళీ ఇక్కడికి. అన్నీ సర్దుకున్నాయి. కానీ నాకు ఒక సంగతి ఖాయంగా తెలుసు. మేం నవ్వాం, నాన్న ఉద్యోగం పోయింది, ఇల్లు కదిలిపోయింది. పెద్దయ్యాక ఇది పిచ్చి ఆలోచనని తెలిసింది. తెలిసినా, ఎక్కడైనా నలుగురు నవ్వుతుంటే నాకు లేచి వెళ్ళి తలుపు వెనక ఎవరైనా ఉన్నారేమో చూడాలనిపిస్తుంది. అమ్మ అయితే ఆ తర్వాత ఎప్పుడు నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. అది ఆవిడ సిగ్గు అని మా ఆయన అనుకుంటాడు.

మొన్న ఆదివారం నేను స్టవ్ తుడిచి, కౌంటర్ తుడిచి, ఇక తుడవడానికి ఏమీ లేక హాల్లోకి వచ్చేసరికి, మా అమ్మాయి జాబితాలో ఏడోది పెట్టింది. నలుపూ తెలుపూ. పళ్ళబుట్టతో అధికారి. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. క్లాజెట్ తలుపు తెరుచుకుంది. కోటు, టోపీ. అమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. నాదీ పోయింది.

మా ఇద్దరి కంటే ముందు నాన్న నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఇదే కదూ ఆ రోజు నువ్వు పగలబడి నవ్వింది?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏ రోజండీ?"

"ప్లెయిన్స్‌బరోలో, నేను క్లాజెట్‌లో ఉన్నప్పుడు. రెక్కల సందుల్లోంచి నాకు సగం టీవీ కనపడేది, మీ వీపులు కనపడేవి."

"మీరు ఇంటర్వ్యూలో ఉన్నారు కదండీ!"

"ఇంటర్వ్యూ ఎక్కడ? హలో అన్న ఐదు నిమిషాలకే, పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం సారీ అని ఫోన్ పెట్టేశాడు వాడు."

"మరి బయటికి రాలేదేం?"

నాన్న నవ్వు ఆపి, రిక్లైనర్ పిడిని గోకాడు. "ఏం ముఖం పెట్టుకుని రమ్మంటావ్? నువ్వు జామూన్లు చేసి పెట్టావ్. బూట్లు విప్పుకుని బస్తా మీద కూర్చుండిపోయా. ఇంతలో మీరిద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్ని వారాలైందో. నేనొస్తే ఆగిపోతుందని రాలేదు. ఇంకోసారి నవ్వుతారేమోనని అయిపోయేదాకా అక్కడే కూర్చున్నా. మళ్ళీ నవ్వలేదు మీరు."

మా అమ్మాయి పాజ్ నొక్కి, ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది.

"నేను నవ్వి మీ ఉద్యోగం చెడగొట్టాననుకున్నానండీ" అంది అమ్మ. "ఇన్నేళ్ళూ."

"నువ్వా?" నాన్న రిక్లైనర్‌లో నిటారుగా లేచాడు. "అడగొచ్చు కదే!"

"మీరు చెప్పొచ్చుగా!" అమ్మ ఒళ్ళోని చిక్కుడుకాయ తీసి ఆయన మీదికి విసిరింది. అది చొక్కా జేబులో పడింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, మా అమ్మాయి వైపు తిరిగింది. "ఆ క్లాజెట్ దగ్గర్నుంచి మళ్ళీ పెట్టవే. ఆ సౌండేదో బాగా పెంచు."

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. చిక్కుడుకాయల గిన్నె మీద రెండు చేతులూ పెట్టుకుని అమ్మ నవ్వింది. ఆ నవ్వు నేను తొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారే విన్నది. సీరియల్ అయిపోయేదాకా నేను లేవలేదు, ఆ సంగతి మా అమ్మాయి చెప్తే గానీ నాకు తెలీలేదు. పదికి ఎన్ని వెయ్యాలి అని తను అడిగితే, అమ్మ నూటికి నూరు వెయ్యమంది.

అప్పట్నుంచీ ఆ క్లాజెట్టే కళ్ళ ముందు ఉంటోంది. మిరపకాయల ఘాటులో, కోట్ల కింద, విప్పిన బూట్లు పక్కన పెట్టుకుని, మా నవ్వు ఇంకొక్కసారి వినపడుతుందేమోనని నాన్న చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. ఇవతల మేమిద్దరం ఒకరి నోరు ఒకరం గట్టిగా మూసి కూర్చున్నాం.